మిల్లు పేటకు రెండో దారి

ఆ వానాకాలం మొదలయ్యేసరికి నేను వరసగా పదకొండు ప్రపంచాలు పోగొట్టుకుని ఉన్నాను.

ఆదివారం నాలుగింటికి మేం నలుగురం, ఎవరి ఇళ్ళల్లో వాళ్ళం కూర్చుని, ఆన్‌లైన్‌లో ప్రపంచాన్ని జయించే ఆట ఆడతాం. ఒకరు నేను. రెండోది మా ఆయన అక్క, అంటే మా వదిన, వేరే ఊళ్ళో హెడ్మిస్ట్రెస్. మూడోది పదో తరగతి దాకా నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు, నర్సు. నాలుగో మనిషి ఆ నర్సు మొగుడు, స్కూటర్ మెకానిక్కు. ఆట మొదలుపెట్టిన నెలకే తనకు తనే జనరల్ అని బిరుదు ఇచ్చుకున్నాడు, మేమూ కాదనలేదు. ఆట పెద్ద కష్టమేమీ కాదు. ఒక మ్యాపు ఉంటుంది, దాని నిండా గడులు, ఒక్కో గడిలో కొంత సైన్యం. పాచికలు వేసి పక్క గడిని పట్టుకోవాలి. ఒక ప్రాంతంలో గడులన్నీ చేతికొస్తే ప్రతి వంతుకీ అదనంగా సైన్యం వస్తుంది. చివరికి ఎవరి రంగు మిగిలితే ప్రపంచం వాళ్ళది.

ఆ సైట్లో మ్యాపులు వందల్లో ఉంటాయి. మొత్తం భూగోళం, ఒక్క ఖండం, దీవులు, కొండలు, ఎవరో ఊహించి గీసిన రాజ్యాలు. ఆట సగం మ్యాపు ఎంచుకోవడంలోనే తేలిపోతుంది. అందుకే మేం ఒక నియమం పెట్టుకున్నాం. అందరికంటే ముందు తుడిచిపెట్టుకుపోయినవాళ్ళు వచ్చే వారానికి మ్యాపు ఎంచాలి. జాలిపడి పెట్టిన నియమం అది. పదకొండు వారాలుగా ఆ జాలంతా నా ఒక్కదాని మీదే కురుస్తోంది.

నేను పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. వచ్చినవాళ్ళు నలభై ఫ్రేములు పెట్టి చూసుకుని, అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి, చివరికి మొదట పెట్టుకున్నదే తీసుకుపోతారు. వాళ్ళని చూసి లోపల్లోపల నవ్వుకునేదాన్ని. మ్యాపుల దగ్గర నేను చేసిందీ అదే. వారమంతా తెరవడం, మూయడం, చివరికి రంగు బాగుందని ఒకటి పట్టుకోవడం. పదకొండోది దీవుల మ్యాపు. ఆ సముద్రం నీలం చూసి మనసు పారేసుకున్నాను. నాలుగూ ఇరవైకల్లా ఆ సముద్రంలో నాకు నిలబడడానికి చోటు లేదు. "మరదలా, వెళ్ళి టీ పెట్టుకో, నీ పని అయిపోయింది" అని వదిన మెసేజ్ పెట్టింది. హెడ్మిస్ట్రెస్ కదా, ఓడించి ఊరుకోదు, ఫలితాలు చదివి వినిపిస్తుంది.

అప్పుడు నా వెనక కుర్చీలోంచి మామయ్యగారి గొంతు వినిపించింది.

"ఆ పటం గీసినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యాలి."

మామయ్యగారు సర్వే ఆఫీసులో నలభై ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. నడిచి, కొలిచి, ఆ కొలతలతో ఊరి పటాలు గీయడం ఆయన పని. వీధులు కూడా ఈయన్ని అడిగాకే మలుపు తిరుగుతాయని మా ఆయన ఎగతాళి చేసేవారు. అలాంటి మనిషి ఆరు నెలలుగా గడప దాటలేదు. మార్కెట్ మలుపులో కాలు జారి పడ్డారు. ఎముక విరగలేదు గానీ లేవలేకపోయారు. జనం పోగై, ఒక ఉల్లిపాయల బండి ఖాళీ చేసి, దాని మీద కూర్చోబెట్టి ఇంటికి తోసుకొచ్చారు. సర్వే గొలుసు పట్టుకుని ఊరంతా కొలిచిన మనిషిని, ఊరంతా చూస్తుండగా. ఆ మర్నాటినుంచి ఆయన బయటికి రాలేదు.

కాలు బాగానే ఉందన్నాడు డాక్టరు. ఇలాగే కూర్చుంటే మాత్రం ఏడాది తిరిగేసరికి నిజంగానే నడవలేరని కూడా అన్నాడు. మా ఆయన రబ్బరు అడుగున్న చేతికర్ర తెచ్చారు. వదిన ఫోన్లో బతిమాలింది, బెదిరించింది, ఒకరోజు ఏడ్చేసింది. నేను కూరలకు తోడు రమ్మనేదాన్ని. బయట ఎండ కాస్తున్నా "రేపు చూద్దాంలే అమ్మాయ్" అనేవారు. నాకు భయం పట్టుకుంది. ఇంట్లో మనిషి మెల్లమెల్లగా కుర్చీలో సామానై పోతుంటే రోజూ చూస్తూ ఉండడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు.

కాబట్టి ఆ రోజు ఆయన తనంతట తాను నోరు విప్పితే నేను ఆట పక్కన పడేసి కుర్చీ దగ్గరికి జరిగాను. రెండు దీవుల మధ్య ఆ చుక్కల గీత ఏమిటని అడిగారు. పడవ దారి, అటునుంచి దాడి చేయొచ్చు అని చెప్పాను. అలాంటి గీతలు నా దీవికి ఆరున్నాయని ఆయన వేలితో చూపించారు. ఆరు వైపులనుంచి శత్రువు వచ్చే చోటు ఏరికోరి ఎందుకు దిగావని అడిగారు. నీలం రంగు సంగతి చెప్పడానికి సిగ్గేసి నీళ్ళు నమిలాను.

"ఎన్ని గడులున్నాయని కాదు అమ్మాయ్," అన్నారు. "ఎన్ని గుమ్మాలున్నాయో లెక్కపెట్టు."

ఆ వారం మ్యాపు ఎంపిక ఆయన చేతికి వెళ్ళింది. నేను దుకాణం నుంచి ఒక భూతద్దం తెచ్చిచ్చాను. టాబ్లెట్లో వేళ్ళతో పెద్దది చేసుకోవచ్చని చెప్పినా ఆయనకు భూతద్దమే కావాలి. రోజుకు పదేసి మ్యాపులు చూసి పదేసి తీసి పారేశారు. దీనికి ఉత్తరం ఎటో తెలియదు. ఈ నది కొండ ఎక్కుతోంది. ఈ సరిహద్దు గీసినవాడికి ఆకలేసినట్టుంది, మధ్యలో వదిలేశాడు. చివరికి శుక్రవారానికి ఒక మ్యాపు తేల్చారు. మట్టిరంగు, చూడ్డానికి ఒలికిపోయిన టీ మరకలా ఉంది. కానీ ఒక మూల అయిదు గడుల ప్రాంతం, దానికి రెండే గుమ్మాలు.

ఆదివారం నేను ఆ మూలన చేరి, రెండు గుమ్మాల దగ్గరా సైన్యం దించి, నోరు మూసుకుని కూర్చున్నాను. మిగతా ముగ్గురూ బయట జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు. వాళ్ళు అలిసిపోయాక తలుపు తీశాను. అయిదున్నరకు మ్యాపంతా నా రంగే. నేను కుర్చీ మీదికెక్కి ఎగిరాను, మా ఆయన వచ్చి ఏమైందోనని కంగారుపడ్డారు. వెంటనే వదిన ఫోన్ చేసింది.

"ఇది నీ ఆట కాదు. పక్కన ఎవరున్నారు?"

"మీ నాన్నగారు."

 నాన్నకి ఫోన్ ఇవ్వమంది. వాళ్ళిద్దరూ అరగంట సరిహద్దుల గురించి మాట్లాడుకున్నారు. మామయ్యగారు నవ్వారు కూడా. వంటింట్లో ఆ నవ్వు వింటూ నేను పాలు పొంగబెట్టుకున్నాను.

ఆ తర్వాత గెలవడం మొదలుపెట్టాక మ్యాపు ఎంచే హక్కు నా చేయి జారింది. ఓడిపోయిన నర్సు మామయ్యగారికే ఫోన్ చేసి సలహా అడిగింది. ఆ తర్వాత జనరల్ అడిగాడు. చివరికి వదిన కూడా అడిగింది. నాలుగు రాజ్యాలకూ ఒకే మంత్రి. ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్పేవారు కాదు, కోడలినని నా మీద జాలి కూడా చూపించలేదు. ఆ నెలలో ఆయనకు వచ్చినన్ని ఫోన్లు ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా రాలేదు. కానీ అన్నీ ఆ కుర్చీలోంచే.

"బాబాయ్, అందరి మ్యాపుల్లోనూ ఇన్ని తప్పులు పట్టుకుంటున్నారు, మీరే ఒకటి గీయరాదూ" అంది నర్సు ఒకరోజు. హాస్యానికే అంది. మామయ్యగారు హాస్యంగా తీసుకోలేదు. ఎవరైనా మ్యాపు పంపొచ్చు, పాత ఆటగాళ్ళు నెల రోజులు ఆడి చూస్తారు, లోపం లేకపోతే జాబితాలో చేరుస్తారు, ఉంటే తీసేస్తారు అని నేను చదివి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి వాన చూసి, "మన ఊరే గీస్తాను" అన్నారు.

రెండు వారాలు మేం పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం, ఎందుకంటే భోజనాల బల్ల మీద ఊరు పరుచుకుని ఉంది. బస్టాండు, మార్కెట్, ఆసుపత్రి, కోర్టు వెనక సందులు, కాలవ, మిల్లు. మొత్తం నలభై రెండు గడులు. ఒక్క పాత కాగితం చూడలేదు, అన్నీ తలలోంచే తీశారు. జనరల్ కంప్యూటర్లో రంగులు వేశాడు. ఆసుపత్రికి ఎర్రరంగు వేసినందుకు భార్య చేత చీవాట్లు తిన్నాడు. వదిన పేర్లలో తప్పులు దిద్దింది. పంపించాం.

ఇరవై రోజులపాటు పొగడ్తలే. ఆ తర్వాత సైట్ వాళ్ళనుంచి ఒక ఉత్తరం వచ్చింది. మిల్లు వెనక ఒక పేట ఉంది. దానికి ఒకవైపు మిల్లు గోడ, మిగతా వైపులా కాలవ తిరుగుతుంది, లోపలికి ఒక్కటే దారి. అక్కడ ముందు దిగినవాణ్ణి ఎవరూ కదపలేకపోతున్నారు, ప్రతి ఆటా వాడే గెలుస్తున్నాడు. దానికి రెండో దారి ఉండాలి, లేకపోతే మ్యాపు తీసేస్తాం, పది రోజులు గడువు అని రాశారు. ఆయన నేర్పిన గుమ్మాల లెక్క వచ్చి ఆయన మెడకే చుట్టుకుంది.

నాకు ఇదో పెద్ద సమస్యలా అనిపించలేదు. కాలవ మీద చిన్న వంతెన ఒకటి గీసేయమన్నాను.

"అక్కడ వంతెన లేదు" అన్నారు మామయ్యగారు.

"ఆటే కదా మామయ్యా."

"ఆట నీకు. నాకు పటం. మా ఆఫీసులో ఒకటే రూలు, నడవని దారి గీయకూడదు. మావాడు ఒకడు కాలు పెట్టాకే కాగితం మీద గీత పడాలి. నలభై ఏళ్ళలో లేని దారి ఒక్కటి గీయలేదు. ఇప్పుడు పాచికల కోసం గీయమంటావా?"

మూడు రోజులు ఇదే గొడవ. మా ఆయన చెప్పి చూశారు. వదిన చెప్పి చూసింది. ముసలాయనకు తెలియకుండా కంప్యూటర్లో ఒక గీత పెట్టేస్తే పోలా అని జనరల్ గుసగుసలాడాడు, నేను కూడా సగం ఒప్పుకున్నాను. ఆ మ్యాపు పోతే ఆయన మళ్ళీ నోరు మూసుకుని కుర్చీలో కూరుకుపోతారని నా బెంగ. నా బెంగ ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది, అది నా జబ్బు. నాలుగో రోజు పొద్దున్న ఆయన మళ్ళీ "అక్కడ వంతెన లేదు" అనగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"లేదని మీకెలా తెలుసు? ఆ కాలవ మొహం చూసి ఎన్నాళ్ళయింది మీకు?"

అనేశాక నోరు జారిందని తెలిసింది. ఆయన పెన్నుకు మూత పెట్టి, కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దారు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనూ ధైర్యం చేయలేదు. దుకాణంలో ఒకావిడకు ఎడమ అద్దం కుడివైపు బిగించి ఇచ్చాను. ఆవిడ పెట్టుకుని గోడకు గుద్దుకోబోయింది. తిట్లు తిన్నాను. ఇంట్లో పడాల్సినవి అక్కడ పడ్డాయని సరిపెట్టుకున్నాను.

శనివారం పొద్దున వాన తెరిపి ఇచ్చింది. నేను దుకాణానికి బయల్దేరుతున్నాను. మామయ్యగారు గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"నా బూట్లు ఎక్కడ పెట్టావు?"

అటక మీద, అన్నాను. మా ఆయన నోట్లో బ్రష్షుతోనే స్టూలు ఎక్కి దించారు. బూజు పట్టి ఉన్నాయి. పాత చొక్కాతో తుడిచి ఇచ్చారు. ఎవరం ఏమీ అనలేదు, అంటే ఎక్కడ మనసు మార్చుకుంటారోనని. దుకాణానికి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానని గొంతు తగ్గించి చెప్పాను, ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు.

మెట్లు దిగాక ఆయన నా చేతికి నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చారు. ఇవాళ నువ్వు నా అసిస్టెంటువి, నేను చెప్పింది రాయి, వెనక నడువు, సలహాలు ఇవ్వకు అన్నారు. మొదటి వంద అడుగులు చాలా మెల్లగా పడ్డాయి. కర్ర ముందు, కాలు వెనక. నేను వెనక నడుస్తూ, ఆయన జారితే ఎటు పట్టుకోవాలో ప్రతి అడుగుకీ లెక్కేసుకుంటూ పోయాను.

మార్కెట్ మలుపు రాగానే ఆగిపోయారు. ఎదురుగా ఆ ఉల్లిపాయల బండి. బండాయన మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏం సార్, మళ్ళీ ఎక్కుతారా?"

వాడి నెత్తిన ఆ ఉల్లిపాయలన్నీ గుమ్మరించాలనిపించింది. మామయ్యగారు మాత్రం బండివైపే చూస్తున్నారు.

"ఆ రోజు నీ సరుకు ఎక్కడ పోశావయ్యా?" అని అడిగారు.

"రోడ్డు మీదే సార్. సగం దొర్లిపోయాయి. అవి ఏరుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది."

"నాకెవరూ చెప్పలేదే."

"చెప్పడానికేముంది సార్. కాలు బాగుందా?"

బాగుందన్నారు మామయ్యగారు. ఆ మాట ఇన్ని నెలల్లో డాక్టరు అన్నాడు, మేం అన్నాం, ఆయన అనడం నేను అప్పుడే విన్నాను. ఆ తర్వాత అడుగు కొంచెం పెద్దదైంది. దారిలో రెండుచోట్ల కొట్టు అరుగుల మీద కూర్చున్నాం. ఎవరు పలకరించినా పనిమీద వెళ్తున్నానని చెప్పారు.

మిల్లు గోడ పక్కనుంచి కాలవ గట్టు ఎక్కాం. ఇంకో యాభై అడుగుల్లో కాలవ ఎడమకు తిరుగుతుంది, అక్కడ గట్టు ఎత్తు, ఆవల పేట, మధ్యలో ఏమీ ఉండదు అని ఆయన నడుస్తూనే చెబుతున్నారు. నేను తల ఊపుతున్నాను. కాలవ ఎడమకు తిరిగింది. గట్టు ఎత్తుగానే ఉంది. ఆవల పేట ఉంది.

మధ్యలో వంతెన ఉంది.

పాత పట్టాలు అతికించి కట్టిన సన్న ఇనప వంతెన, ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాలి. ఆకుపచ్చ రంగు ఇంకా పెచ్చులూడలేదు. మిల్లు పనివాళ్ళు సైకిళ్ళు నడిపించుకుంటూ వస్తున్నారు. ఎప్పుడు కట్టారని మామయ్యగారు ఒకతన్ని అడిగారు. నాలుగు నెలలైంది, ఆ చుట్టు తిరగలేక మేమే కట్టుకున్నాం అన్నాడతను.

ఆయన చాలాసేపు ఆ వంతెనను చూస్తూ నిలబడ్డారు.  గెలిచానని నాకు అనిపించలేదు.

"నేను లేకుండానే ఊరు వంతెన కట్టేసుకుంది" అన్నారు.

తర్వాత కర్ర నాకిచ్చారు. కర్ర ఉంటే అడుగులు సమంగా పడవట, లెక్క తప్పుతుందట. ఒక చెయ్యి కమ్మీ మీద వేసి బయల్దేరారు. పనివాళ్ళు అటువైపు ఆగి దారిచ్చారు. కింద వాననీళ్ళు ఎర్రగా పోతున్నాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి, అడుగులు లెక్కపెడుతున్నారు.  ఆవలి గట్టు ఎక్కి, ఇటు తిరిగి, గొంతెత్తి చెప్పారు.

"ముప్ఫై ఒకటి. రాయి."

రాశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగి అంకె వంకరగా పడింది. రెండుసార్లు కొలవాలని మళ్ళీ ఇటు నడిచి వచ్చారు. ఈసారి ముప్ఫై వచ్చింది. ముప్ఫై ఒకటే సరైనది, వచ్చేటప్పుడు తొందరపడ్డాను అన్నారు.

ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది మామయ్యా అన్నాను, ఆ గట్టు మీదే.

"తప్పు పటంలో ఉంది," అన్నారు, కర్ర తీసుకుంటూ. "నీ మాటలో కాదు."

ఆ మధ్యాహ్నమే గీత పడింది. గడువులో తొమ్మిదో రోజున మ్యాపు జాబితాలోకి ఎక్కింది. ఆదివారం పొద్దుటికి దాని మీద రెండు వందల పద్నాలుగు ఆటలు నడుస్తున్నాయి. మేం పేరు కూడా పలకలేని ఊళ్ళవాళ్ళు మా బస్టాండు కోసం ప్రాణాలకు తెగించి పోరాడుతున్నారు. కోర్టు వెనక సందులో ఎవరో నూట నలభైమంది సైన్యాన్ని కూర్చోబెట్టారు, అక్కడ రెండు స్కూటర్లు ఎదురెదురు రావడమే కష్టం. ఈ మ్యాపులో ప్రతి సరిహద్దుకూ ఒక కారణం ఉన్నట్టుందని ఎవరో రాశారు. అది మామయ్యగారికి మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారి కూడా మొదటిసారి విన్నట్టే విన్నారు. జనరల్ ఆ రోజు తన స్కూటర్ షెడ్డుకు సెలవు ప్రకటించాడు. నాకైతే నేనే ఒక దేశాన్ని కన్నంత గర్వంగా ఉంది.

నాలుగింటికి ఆ మ్యాపు మీద మా మొదటి ఆట. ఈసారి అయిదుగురం, మామయ్యగారికి నల్లరంగు. ముందు దిగే వంతు చీటీలో ఆయనకే వచ్చింది, మిల్లు పేటలో దిగారు. రెండు రౌండ్లు ఆయన టాబ్లెట్లో మీటలు నొక్కడం విని నేను నా ఆటలో పడ్డాను. మూడో రౌండులో ఆయన వంతు వచ్చింది. ఎవరూ కదల్లేదు. మంత్రిగారు ఆలోచిస్తున్నారా అని నర్సు రాసింది. వంతుకు ఇచ్చే సమయం కరిగిపోతోంది, నాన్న నిద్రపోయాడా, లేపు అని వదిన రాసింది.

వెనక్కి తిరిగి చూశాను. కుర్చీ ఖాళీ. టాబ్లెట్ కుర్చీలో బోర్లా పెట్టి ఉంది. గుమ్మం దగ్గర బూట్లు లేవు.

"బయటికెళ్ళారు" అని రాశాను. పంపేముందు ఆ ఒక్క మాటను ఒకసారి చూసుకున్నాను.

ఆయన వంతు దాటిపోయింది. ఆ తర్వాత వదిన వంతు కూడా దాటిపోయింది. ఫోన్ మోగింది. వదిన ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"ఒక్కడేనా?"

"ఒక్కరే వదినా. నాకు కూడా చెప్పలేదు."

"సరే," అంది వదిన. "ఆడు."

ఆడాను. అంత మొండిగా ఎప్పుడూ ఆడలేదు. వదినను బస్టాండులో, జనరల్‌ను ఆసుపత్రి దగ్గర, నర్సును మార్కెట్లో ఓడించాను. చివరికి కాలవ మీది వంతెన దాటి, కాపలా లేని మిల్లు పేటలోకి నడిచి వెళ్ళాను. నలభై రెండు గడులూ నావే.

ఆరున్నరకు మామయ్యగారు వచ్చారు. చీలమండల దాకా బురద, జేబులో మడతపెట్టిన కాగితం, మొహం మీద చెమట. మంచినీళ్ళు తాగి, ఆసుపత్రి దాటాక రెండు కొత్త వీధులు పడ్డాయని, అవి పటంలో లేవని, రేపు మళ్ళీ వెళ్ళాలని చెప్పారు. వంతులు తప్పిపోయి ఆయన ఊరంతా పోగొట్టుకున్నారని, ఇప్పుడది మొత్తం నాదేనని టాబ్లెట్ చూపించాను.

ఆయన దాని వంక ఒక్క చూపు చూసి, బూట్ల తాళ్ళు విప్పుకోవడానికి వంగారు.

"ఊరు ఎక్కడికీ పోలేదు అమ్మాయ్. ఇప్పుడే చూసొచ్చాను."